ఎర్ర గీత, నీలం గీత

నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో ఒక వంటిల్లు, శుక్రవారం మధ్యాహ్నం. హిల్కా, ఆమె భర్త యెల్మర్. కాలువల్లో నీటిమట్టం కొలిచే ఆఫీసులో అతనికి ఉద్యోగం. అతని చేతిలో హిల్కా యూనివర్సిటీ నుంచి తెచ్చిన కాగితం, దాని మీద రెండు గీతలు.

"నీకేం లేదు మరి. శుభ్రంగా ఉన్నావు. ఈ ఎర్ర గీత చూడు, ఎలా ఎగబాకిందో."

"చల్లబడిపోయానన్నది నువ్వు, యెల్మర్. మన కాపురం చక్కదిద్దే కౌన్సెలర్ ముందు. నమ్మకపోతే యూనివర్సిటీ వాళ్ళ యంత్రంతో కొలిపించమన్నావు కూడా."

"ఎగతాళికన్నాను. నిజంగానే వెళ్తావనుకున్నానా?"

"ఇరవై రెండేళ్ళలో నువ్విచ్చిన ఒకే ఒక్క సలహా. పారేసుకోబుద్ధి కాలేదు."

"ఇంతకీ ఎలా కొలుస్తారు?"

"వేలెడంత పరికరం. లోపల పెట్టుకోవాలి. రక్తం ఎంత పారుతోందో దానిలోని చిన్న దీపం చూసుకుంటుంది. అదీ ఎర్ర గీత. చేతికి ఒక మీట ఇస్తారు. వాళ్ళు వేసే శృంగార సినిమా చూస్తూ, మనసుకి కోరిక కలిగినప్పుడు పైకి తొయ్యాలి. అది నీలం గీత."

"నీలం వదిలెయ్. ఎరుపు చాలు. మనిషి అబద్ధమాడతాడు, మట్టం ఆడదు. సోమవారం ఇదే చూపిద్దాం. కలిసుంటారా విడిపోతారా అని ఆ కౌన్సెలర్ ఇంకోసారి అడగదు."

"జతకట్టే కోతుల్ని చూపించినప్పుడూ ఎరుపు లేచింది. ఒక కోతిని తెచ్చుకోమంటావా?"

"కోతులా?"

"ఒళ్ళు దానిపాటికది స్పందిస్తుందట. అంతమాత్రాన మనసు కోరుకున్నట్టు కాదట. పరిశోధన చేసే అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. నీకంటే సగం వయసుంటుంది."

"ఆగాగు. నీలం ఇక్కడొక్కచోట లేచింది. పన్నెండో నిమిషం. ఎవడున్నాడు ఆ సినిమాలో?"

"ఎవడూ లేడు."

"ఎవడు, హిల్కా?"

"సినిమా ఆపారు అప్పుడు. ఆ అమ్మాయి మైకులో అడిగింది. చలిగా ఉందా, దుప్పటి తెమ్మంటారా, ఇష్టం లేకపోతే ఇక్కడితో ఆపేద్దాం అని. మనింట్లో ఎవరైనా అలా అడిగితే ఎలా ఉంటుందో ఊహించుకున్నాను. చెయ్యి మీట తోసేసింది."

"దుప్పటికా? దుప్పటికి తోశావా?"

"అడిగి, జవాబు కోసం ఆగినందుకు."

"నేను అడగలేదా ఎప్పుడూ?"

"'నిద్రపోయావా' అనేవాడివి. అది అడగడం కాదు, మట్టం చూసుకోవడం."

"సరే. సరే. ఇప్పుడడుగుతున్నా. నీకు చలిగా ఉందా, హిల్కా?"

"ఉంది. రేపట్నుంచి ఉండదులే. నేను అద్దెకి తీసుకున్న ఇంట్లో హీటరు కొత్తది."