బావగారి సాక్షి సంతకం

రిజిస్ట్రేషన్ ఆఫీసు పక్కనున్న టీకొట్టు బెంచీ మీద టైలరమ్మ వచ్చి కూర్చుని అరగంటైంది. పదహారేళ్లు మిషను తొక్కితే కూడిన డబ్బు. దాంతో కొన్న రెండు గదుల ఇల్లు ఇవాళ తన పేరు మీదికి మారాలి. ఒళ్లో బ్యాగుని రెండు చేతులా అదిమి పట్టుకుంది. భర్తకి సెలవు దొరక్క, సాక్షి సంతకానికి వాళ్లన్నయ్యని పంపాడు. ఇల్లు అమ్ముతున్న నర్సమ్మ బెంచీకి ఆ చివర కూర్చుంది. వచ్చినప్పటినుంచీ ఒక్కసారీ ఈమె వైపు చూడలేదు.

"భయపడకమ్మాయ్," అన్నాడు బావగారు టీ ఊదుకుంటూ. "ఇలాంటివి నేనెన్ని చూశాను! మొన్నామధ్య మావాడి కాగితాల్లో తూర్పు ఉండాల్సిన చోట పడమర రాశారు. నేను పట్టుకోబట్టి సరిపోయింది గానీ, లేకపోతే వాళ్ల వంటిల్లు పక్కింటాయనకి పోయేది."

ఆమె గబగబా కాగితాలు తీసి హద్దులు చూసుకుంది. తూర్పున రోడ్డు. సరిగ్గానే ఉంది. అయినా ఇంకోసారి చదువుకుంది.

"అదెంత! ఇంకోచోట అమ్మేవాడు పేజీ పేజీకీ సంతకం పెట్టుకుంటూ వెళ్తున్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆఖరి పేజీ తిప్పేసరికి మొదటి పేజీ సంతకం మాయం! సిరాలో ఏదో కలిపాడు వెధవ. నేను వాసన చూసి చెప్పేశాను."

"వాసన చూసే?" అన్నాడు గ్లాసులు కడుగుతున్న టీకొట్టతను.

"మరి! అది సర్దుకునేలోపు పదకొండు మంది వారసులు దిగారు, మా వాటా ఏదంటూ. వాళ్ల వెనకాలే, నమ్ముతావో లేదో, చచ్చిపోయిన వాళ్ల నాన్న కర్ర పట్టుకుని వచ్చాడు. 'నేను అమ్మలేదు' అంటాడు. ఆఫీసరు కుర్చీలోంచి పడిపోయాడు. నేను మాత్రం తొణక్కుండా, 'పెద్దాయనా, గుర్తింపు కార్డు చూపించు' అన్నాను. చచ్చినవాడి దగ్గర కార్డెక్కడిది? నోరు మూసుకుని వెళ్లిపోయాడు."

టైలరమ్మకి నవ్వు రాలేదు. ఈ నర్సమ్మకి అన్నదమ్ములున్నారా? తను అడగనేలేదు. చీర కొంగుతో మెడ మీద చెమట తుడుచుకుంది. ఆ చివర నర్సమ్మ వేలి గోళ్లు కొరుక్కుంటోంది.

"అన్నీ అయ్యి, తాళం చెవి తీసుకుని వెళ్లామా? ఇల్లు లేదు! నాలుగు మెట్లు మాత్రం మిగిలాయి. అదే రోజు ఆ ఇంటిని ఏడుగురికి రాసిచ్చాట్ట. తలో పక్కకీ లాక్కుపోతున్నారు. నేను ఒక్కణ్ణే గుమ్మం పట్టుకుని ఇలా లాగాను చూడు, వీధి చివరిదాకా పోయిన ఇల్లు మేకపిల్లలా వెనక్కొచ్చింది! అప్పట్నుంచీ ఈ ఆఫీసులో నా సంతకం లేకుండా ఒక్క ఇల్లూ..."

టైలరమ్మ లేచి నిలబడింది. కాగితాలు బ్యాగులో కుక్కేసింది. "ఇవాళ వద్దు బావగారూ. ఇంటికి వెళ్లిపోదాం."

నర్సమ్మ మొహం పాలిపోయింది.

టీకొట్టతను చేతిలో గ్లాసు కింద పెట్టాడు. "అయ్యా, ఒక్కమాట. ఇందాక ఈవిడ జిరాక్సుకి వెళ్లినప్పుడు నన్ను పక్కకి పిలిచి, 'సాక్షి సంతకం పెడితే రేపు కోర్టుకి లాగుతారా? నాకిదే మొదటిసారి, నా బదులు నువ్వు పెట్టకూడదా' అని బతిమాలింది మీరేనా, ఇంకెవరైనానా?"

బావగారు టీ గొంతుకి అడ్డం పడి దగ్గాడు.

"కూర్చోమ్మా," అన్నాడు టీకొట్టతను. "పన్నెండేళ్లుగా చూస్తున్నాను. లోపల మీ కార్డులు చూస్తారు, ఫోటో తీస్తారు, వేలిముద్రలు తీసుకుంటారు. ఇష్టపడే అమ్ముతున్నావా, డబ్బు ముట్టిందా అని ఆవిణ్ణి అడుగుతారు. ఇల్లు వెళ్లి చూసుకున్నావా? పాత కాగితాలు వకీలుకి చూపించావా?"

"రెండుసార్లు చూశాను. వకీలు గారు అన్నీ సరిగ్గా ఉన్నాయన్నారు."

"మరింకేం?"

అప్పుడు నర్సమ్మ మొదటిసారి ఆమె కళ్లలోకి చూసింది. "నేను సోమవారం కొత్త ఊళ్లో ఉద్యోగంలో చేరాలండీ. ఆఖరి నిమిషంలో మీరెక్కడ వద్దంటారోనని, మీ మొహం చూడాలంటేనే భయమేసింది."

టైలరమ్మ మెల్లగా కూర్చుంది. ఈసారి నర్సమ్మ పక్కనే.

లోపల ఆఫీసరు తలెత్తకుండానే బావగారిని అడిగాడు, "కొనే ఆవిడ మీకు తెలుసా?"

"మా తమ్ముడి భార్యండి."

ఆయన అంత చిన్నగా మాట్లాడటం టైలరమ్మ ఎప్పుడూ వినలేదు. పెన్ను పట్టుకున్న చెయ్యి గజగజలాడుతోంటే, కాగితం కదలకుండా ఆమే రెండు చేతులతో అదిమి పట్టింది. సంతకం వంకరగా వచ్చింది.

"ఇది పనికొస్తుందాండీ?" అని అడిగాడు బావగారు.

"వస్తుంది," అని ఆఫీసరు ముద్ర కొట్టాడు.