అక్కమ్మ గొంతు దించిన కాడ

ఇంగోసారి ఆ పాట పెట్టు పాపా, ఆ సెల్లు నా చెవి కాడికి తీసుకురా. ఆఁ, మీ జేజే, మీ నాయన్ను కన్న అక్కమ్మ గొంతే. అయితే ఏందో శానా నున్నగా ఉండాదే? ఏం చేసినావు దీనికి? కంప్యూటర్లో వేస్తే శ్రుతి తప్పిన కాడ అదే సరిచేస్తాదా! ఔనా! ఇది తప్పు, ఇది ఒప్పు అని దానికెట్ల తెలుస్తాది? ఇడుపులపాయ కాలేజీలో ఇది గూడా నేర్పిస్తాండారా? సినిమా పాటలకు గూడా ఇట్లనే చేస్తారా? అబ్బ! అయితే ఆడలేనమ్మ మద్దెల ఓడనే పని గూడా లేదు ఇంగ. నేను పాడినా సరిచేస్తాదా? నవ్వొద్దు లహరీ, నిజంగానే అడుగుతాండా.

అయితే మీ జేజి శ్రుతి తప్పే మనిషి కాదు పాపా. కొండాపురం కాడ మా పాతూరు ఉండె గదా, ఇప్పుడు డ్యాము నీళ్ల కింద ఉండాది, ఆడ చెనిక్కాయ చేన్లో కలుపు తీసేటప్పుడు పాట ఎత్తుకునేది ఆమే. తక్కినోళ్లు ఎనకాల అందుకునేది. ఆ ఎండలు... సరే, అది చెప్తే యాడికో పోతాది. వాళ్లతో కలుపుకొచ్చే మహబూబ్‌బీ మొగుడు కువైట్ నుంచి టేపురికార్డు తెచ్చి, గట్టు మింద పెట్టి పట్టినాడు ఈ పాట. "నా గొంతు దాంట్లోకి పోతే మళ్లా నాకు వస్తాదా అన్నా?" అని మీ జేజి ఒకటే నవ్వు. ఏం చెప్తాండా? ఆఁ. కలుపులో ఒకామె ఎనకబడితే పక్కనామె ఏం చేస్తాది? ఆమె సాల్లో గూడా ఒక చెయ్యేసి లాక్కొస్తాది గదా. మీ జేజి పాటనూ అట్లే నడిపేది. మా ఇంటామె మునెమ్మకు ఉబ్బసం, గొంతు పైకి లేసేది కాదు. పాట పైకి పోతే సిగ్గుపడి నోరు మూసుకునేది. అందుకని మీ జేజి ఆ చివర్న కావాలనే గొంతు దించేది. "రాయే మునెమ్మా, ఈడికి రా, ఈడైతే అందుతాది నీకు" అనేది. అప్పుడు మునెమ్మ సన్నగా అందుకునేది. గట్టు మింద నిలబడి ఇంటాంటే నాకు కడుపు నిండేది పాపా.

నీ మిషను ఆ దిగుడునే తప్పనుకోని పైకి లాగినట్టుంది. పాపం, దానికేం తెలుసు, దాన్ని తిట్టను. అయితే ఇందాకట్నుంచి ఎతుకుతాండా, ఆ కింద ఇంగో గొంతుండాల గదా, అదేది? ఏందీ? గరగర అని తీసేసినావా?

అది గరగర కాదు పాపా. అది మా మునెమ్మ. ఫోటో అన్నా ఉండాది నా కాడ, గొంతు ఇంగ యాడా లేదు.

పాతది దాచిపెట్టినావా, చెరిపేసినావా? ఉండాదా! పెట్టు పెట్టు, సౌండు పెంచు. ఇదో, అక్కమ్మ ఎత్తుకునె... పైకి పోతాంది... ఇంగ దించుతాది సూడు...

ఉండు, మాట్లాడొద్దు.