పగులు మీది గాజుముక్క

మీరు చూసి బాగుందన్నాకే కదండీ ఇంజనీరుగారూ, ఈ ఇల్లు మేం కొన్నది! మీ సంతకం ఉన్న రిపోర్టు బీరువాలో ఉంది, తెమ్మంటారా? వెనకగది గోడలో పగులు పాతది, కదలిక లేదు, భయం అక్కర్లేదు అని రాశారు. మూడో పేజీలో. మా ఆయనకి ఆ పేజీ కంఠతా వచ్చేసింది.

ఇప్పుడేమో అలా గొంతుక్కూర్చుని ఆ పగులునే చూస్తున్నారు. చూడండి, బాగా చూడండి. అప్పుడు గోరు దూరేది కాదు. ఏడు నెలలు తిరక్కుండానే నా చిటికెనవేలు దూరుతోంది!

మొన్న ఆదివారం ఏం జరిగిందో మా ఆయన ఫోన్లో చెప్పారో, తిట్టడంతోనే సరిపెట్టారో. మా అమ్మాయి ఈ గదిలోనే పడుకుంటుంది. పొద్దున్నే లేచి తలుపు తీయబోతే రాలేదు. గోడ కిందికి దిగి, ద్వారబంధం తలుపుని పట్టేసింది. గంటసేపండీ! ఏడేళ్ళ పిల్ల లోపల్నుంచి అమ్మా, అమ్మా అని ఏడుస్తుంటే, బయట నేను తలుపుని గుద్దుతూ కూర్చున్నాను. చివరికి వడ్రంగి వచ్చి కోసి తీశాడు. అదిగో, ఆ మూలకి ఆనించిన చెక్కలు ఆ తలుపువే.

అప్పట్నుంచి మా ఆయన మనిషి మనిషిలో లేరు. ఇప్పుడు వెళ్ళింది కూడా లాయరుగారి దగ్గరికే. ఆయన్ని వెంటబెట్టుకొచ్చి గోడ చూపించి, మీ మీద ఫిర్యాదు రాయిస్తారట. మీ లైసెన్సు పోయేదాకా నిద్రపోనన్నారు. మిమ్మల్ని నాలుగింటికి రమ్మన్నారు కదా, మీరేమో మూడున్నరకే వచ్చేశారు.

మంచినీళ్ళు తాగుతారా? వద్దా? సరే, మీ ఇష్టం.

మా ఆయన సంగతి మీకు తెలీదు. కోడిగుడ్డుకి ఈకలు పీకే రకం. మేం చూసినవాటిలో ఇది ఐదో ఇల్లండీ! మొదటిదానికి అమ్మేవాళ్ళ చెల్లెలి సంతకం లేదు. నేను తెప్పిస్తానమ్మా అని లాయరుగారన్నా, ఈయన వినలేదు. రెండోదాని ప్రహరీ పక్కింటి స్థలంలోకి జానెడు జరిగిందని కొలతల్లో తేలింది. మూడోది కాగితాల వరకూ కడిగిన ముత్యమే. ఈయన గోడకి ముక్కు ఆనించి, చెమ్మ వాసన అన్నారు. ముక్కుతో ఇల్లు కొనేవాణ్ణి ఎక్కడైనా చూశారా? నాలుగోది ఎందుకు వద్దన్నారో నాకిప్పటికీ తెలీదు.

ఆయన్నీ అనకూడదు లెండి. వాళ్ళ నాన్నగారు, అంతకుముందే ఇంకొకరికి అమ్మేసిన ఇల్లు కొని మోసపోయారు. సామానుతో సహా వీధిలో నిలబడ్డారట. అప్పుడు ఈయనకి పదేళ్ళు. ఆ భయం ఇంకా పోలేదు.

మరి నా సంగతి? పదమూడేళ్ళలో ఎనిమిది అద్దెకొంపలు. ఏ ఓనరైనా మొదటిరోజు చెప్పే మాట ఒకటే, గోడకి మేకు కొట్టకూడదు. నేను పనిచేసేది ఫోటో ఫ్రేముల షాపులో. రోజుకి ఇరవై ఫోటోలకి గాజు కోసి, బిగించి, ఊళ్ళోవాళ్ళ గోడలకి పంపిస్తాను. నా పెళ్ళి ఫోటో మాత్రం పదమూడేళ్ళు మంచం కింద, దుప్పట్లో చుట్టి! వినేవాళ్ళకి నవ్వొస్తుంది. నాకు ఏడుపొచ్చేది.

మీరు మొదటిసారి ఈ ఇంటికొచ్చిన రోజు గుర్తుందా? చిన్న సుత్తితో గోడలన్నీ తడుతూ, చెవిపెట్టి వింటూ వచ్చారు. ఇక్కడ ఆగారు. ఈ పగులు మీద అడ్డంగా సన్నటి గాజుముక్క పెట్టి, రెండు చివర్లా ప్లాస్టరు ముద్దతో అతికించి, దాని మీద తేదీ రాశారు. గోడ కదిలితే గాజు విరుగుతుందమ్మా, ఆరు వారాలు చూద్దాం, విరక్కపోతే ఇది పాత పగులే అన్నారు. షాపు పక్కవీధిలోనే కదా అని తాళంచెవి నా చేతిలో పెట్టారు. వారానికోసారి వచ్చి చూడండి, ముట్టుకోకండి అన్నారు.

చూశాను. మొదటివారం బాగుంది, రెండోవారం బాగుంది. మూడోవారం కొలత టేపు తెచ్చుకున్నాను. బీరువా ఎక్కడ, పిల్ల మంచం ఎక్కడ, ఫోటో ఏ గోడకి... ఎవరూ లేని ఇంట్లో ఒక్కదాన్నే తిరుగుతూ పెన్సిలుతో గుర్తులు పెట్టుకున్నాను. అంత సంతోషం నాకు పెళ్ళిలో కూడా లేదండీ.

అయ్యో, ఆ ముక్క ఎందుకు గీకుతున్నారు? వేలు తెగుతుంది! ప్లాస్టరు వదిలేయండి, ఇప్పుడది విరిగిపోయిన గాజేగా, దాన్ని చూసి ఏం చేస్తారు?

అంచు చూస్తున్నారా?

మీరు గాజుముక్కల్ని ఎప్పుడూ అంచు సానబట్టించి తెస్తారేమో. నాకా సంగతి తట్టలేదు.

సరే. వినండి. ఆయన వచ్చేలోపు చెప్పేస్తాను.

నాలుగోవారం నేను వచ్చేసరికి గాజు మీద గీత. వెంట్రుకంత. పక్కకి వంగి వెలుగులో చూస్తేగానీ కనిపించదు. పదకొండేళ్ళుగా గాజుతో పనిచేసేదాన్ని, నాకు కనిపించదా? ఏదో లారీ వెళ్ళుంటుందిలే అనుకున్నాను. పిల్లి తగిలుంటుందనుకున్నాను. నిలువు గోడ మీద పిల్లి, చూడండి నా తెలివి! మా ఆయనకి చెబితే ఐదో ఇల్లూ పోతుంది. మళ్ళీ ఆరోది, ఏడోది, ఇంకో ఓనరు, ఇంకో మంచం కింద ఆ ఫోటో.

చెప్పలేదండీ.

మీ ప్లాస్టరు తడిపి, మెత్తబడ్డాక మీ గాజు ఊడదీశాను. షాపులో ఇప్పుడొచ్చే గాజంతా మందం, పెడితే మీరు పట్టేస్తారు. అంత పల్చటి గాజు పాత ఫ్రేములకే ఉంటుంది. అలాంటిది నాకు తెలిసి ఒక్కచోటే ఉంది. ఒక్క గీత గీసి బల్ల అంచు మీద విరిచాను. పాత పేపరు నిండా మీ అంకెలు సాధన చేశాను. మీ ఏడుకి నడుం దగ్గర చిన్న అడ్డగీత ఉంటుంది, అది కుదరడానికే ఒక సాయంత్రం పట్టింది. మీరు రావడానికి రెండ్రోజుల ముందు అతికించి, కొత్తగా కనిపించకుండా కాస్త దుమ్ము అద్దాను.

మీరొచ్చారు. కళ్ళజోడు సర్దుకుని చూసి, ధైర్యంగా కొనుక్కోండమ్మా అన్నారు. నేను తేలు కుట్టిన దొంగలా అక్కడే నిలబడ్డాను.

మీ కళ్ళకేం కాలేదు, ఇంజనీరుగారూ. ఇందాక గడపలో నిలబడి, చూపు ఆనడం లేదేమోనమ్మా, ఇక ఈ పని మానేస్తాను అన్నారే, ఆ మాట విన్నప్పట్నుంచి నాకు ఊపిరాడటం లేదు. అందుకే అంత నోరు చేసుకున్నాను. మిమ్మల్ని తిడుతూ ఉంటే ఇది నా నోట రాదనుకున్నాను. సిగ్గేస్తోంది.

అటు చూడండి, ఎదురుగోడకి. మా పెళ్ళి ఫోటో. ఈ ఇంట్లో నేను కొట్టిన మొదటి మేకు అదే. దానికి గాజు లేదు, చూశారా? సామాను దింపేటప్పుడు పగిలిందని చెప్పాను. మా ఆయన నమ్మేశారు. లాయరుగారు ముప్పై ఏళ్ళ దస్తావేజులు తిరగేసి అంతా బాగుందంటే, ఇంకోసారి చూడమన్న మనిషి! నేను పగిలిందంటే ఎలా పగిలిందని కూడా అడగలేదు. ముక్కలు తొక్కావా, కాలు చూపించు అన్నారు. అంతే.

గేటు చప్పుడు. రెండు జతల చెప్పులు, లాయరుగారు కూడా ఉన్నారు.

మీరు లేవకండి. ఆ గాజుముక్క ఇలా ఇవ్వండి. మీరేం మాట్లాడొద్దు, నేనే చెప్తాను.

ఈ గదికి తలుపైనా లేదు, ఒక్క నిమిషం వేసుకుందామంటే.