పేరమ్మ బావిలో రాక్షసి బల్లి

బావులు తవ్వే అంకారావు మాటల్లో సగం తీసేసి, మిగిలిన సగంలో మళ్ళీ సగం తీసేసినా ఇంకా కాస్త అబద్ధం మిగిలేది. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. తెలిసీ పొద్దున్నే మొహిద్దీన్ బాషా టీకొట్టు ముందు బల్లల మీద చోటు దొరికేది కాదు. సాగర్ కాలువ అదిగో వస్తోంది, ఇదిగో వస్తోందని ఏళ్ళ తరబడి చెబుతున్న పెద్దమనుషుల మాటలకన్నా అంకారావు కోతలే నయమని జనం అభిప్రాయం. అవి వినడానికైనా బాగుంటాయి.

ఆ భాద్రపదం పొద్దున మాత్రం అంకారావు ఊరికే కోతలు కొయ్యడానికి రాలేదు. పక్క ఊరి నుంచి జయరావు అనే ఆసామి మిరప చేలో బావి తవ్వించుకోవాలని మేస్త్రిని వెతుక్కుంటూ వచ్చాడు. ఆ ప్రాంతాల్లో బావి పని ఒప్పుకున్న మేస్త్రికి ఆసామి పదిమంది ఎదుట తాంబూలం ఇస్తాడు. ఒకసారి చేతులు మారాక ఇచ్చినవాడూ వెనక్కి పోకూడదు, పుచ్చుకున్నవాడూ పోకూడదు. జయరావు కండువా కొంగులో ఆకూ వక్కా మూటగట్టి ఉన్నాయి. అంకారావు కళ్ళు ఆ మూట మీదే ఉన్నాయి.

“మేస్త్రీ, ఈ మధ్య మీరు తవ్విన బావి ఏదండీ?” అన్నాడు జయరావు.

అంకారావు ఆ మూట మీంచి కళ్ళు తిప్పుకున్నాడు. వేసవి నుంచీ అతని చేతిలో ఉన్నది ఒక్కటే పని, పేరమ్మ పిన్ని పొలంలో బావి. అది మొదలుపెట్టినందుకు ఆవిడ పెట్టిన పంచె ఇప్పుడు ఒంటి మీదే ఉంది.

“మా పేరమ్మ పిన్ని చేలోదండి.”

“ఎంత లోతులో పడ్డాయి నీళ్ళు?”

“అక్కడికే వస్తున్నా” అంటూ అంకారావు టీ గ్లాసు కింద పెట్టాడు. గ్లాసు కింద పెట్టాడంటే కథ పెద్దదని గుర్తు. బాషా పొయ్యిలో ఇంకో రెండు పత్తికట్టెలు తోసి పాలు పొంగకుండా గరిటె పట్టుకుని నిలబడ్డాడు.

“నీళ్ళ మాట తర్వాత, ముందు నేల మాట వినండి. ఒక నిలువు లోతు నల్లరేగడి, ఆ కింద గరప మట్టి, దాని కింద తెల్ల పలక, తమలపాకుల కట్టలాగా పొర మీద పొర. ఒక పలకని పలుగుతో ఇలా తట్టానో లేదో రెండుగా విడింది. లోపల ఆకు. ఈతమట్ట లాంటి ఆకు, ఈనెతో సహా, ఇప్పుడే ఎవరో అద్ది పెట్టినట్టు. దాన్ని పైకి పంపించానా, అదే సమయానికి రోడ్డున జీపులో పోతున్న భూమి పరీక్షల ఆఫీసరుగారు చూశారు. చూసి దిగొచ్చారు. ఆ పలకని పసిబిడ్డనెత్తుకున్నట్టు ఎత్తుకుని ఏమన్నారో తెలుసా? ఇది జురాసిక్ కాలపు ఆకయ్యా, కోట్ల ఏళ్ళ నాటిది, నీ కన్ను మంచిది అన్నారు. అని, నన్ను పైకి పిలిచి, మట్టి చేతులతో ఉన్న నాకు చెయ్యిచ్చి ఊపారు.”

ఇంతవరకూ నిజం. అక్షరం పొల్లు లేదు. ముప్పై ఏళ్ళుగా భూమిలో దిగుతున్న అంకారావుని పైనుంచి వంగి చూసి మెచ్చుకున్న మనిషి అప్పటిదాకా లేడు. ఆ చెయ్యి ఊపడం ఇప్పటికీ రోజుకి పదిసార్లు తలుచుకుంటాడు. కానీ నిజం చెప్పి ఊరుకుంటే కథ రెండు గుక్కల టీకి కూడా చాలదు, పైగా నీళ్ళ దగ్గరికి వచ్చేస్తుంది.

“జురాసిక్ అంటే ఏమిట్రా? దొరల కాలానికి ముందా?” అన్నాడు చలమయ్య. చలమయ్య అంకారావు ఈడువాడే, పత్తి రైతు, అంకారావు ఏం చెప్పినా ఒక పుల్ల వెయ్యకుండా ఉండలేడు.

“దొరలేమిట్రా, రాములవారికంటే ముందు. మనిషి లేడు. ఎద్దు లేదు. గడ్డిపరక లేదు. పువ్వనేది ఇంకా పుట్టనే లేదు. అంతా ఈతమట్టల అడవి, ఆ అడవి పక్కనే సముద్రం. ఇప్పుడు కొత్తపట్నం దగ్గర ఉన్న సముద్రం అప్పుడు ఇదిగో, ఈ కొట్టు దాకా ఉండేది.”

“మనుషులే లేకపోతే టీ ఎవరు తాగుతారన్నా? ఆ కాలం నాకొద్దు” అన్నాడు బాషా.

“ఉన్నవాళ్ళు తాగేవాళ్ళు కాదు, మింగేవాళ్ళు. రాక్షసి బల్లులు. నేను ఆ ఆకు దగ్గర ఆగానా? ఆగలేదు. ఇంకా దిగాను. శంఖాలు పడ్డాయి, సాలగ్రామంలాగా చుట్టలు తిరిగినవి, బండి చక్రమంత. ఒకదాన్ని చెవి దగ్గర పెట్టుకుంటే అలల హోరు. ఇంకా దిగాను. రాతిలో చేపలు, బిగుసుకుపోయిన చేపలు. పలుగు తగలగానే ఒక చేప తోక ఆడించింది.”

“రాతిలో చేపా?” అన్నాడు చలమయ్య.

“కోట్ల ఏళ్ళు కదలకుండా ఉంటే నువ్వయినా ఆడిస్తావు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“నీళ్ళు పడ్డాయా?” అన్నాడు జయరావు ఆశగా.

“అక్కడికే వస్తున్నానండి. గుడ్డు పడింది. కల్లు కుండంత గుడ్డు. పగలగొట్టబోయి చెవి పెట్టి విన్నాను, లోపల టకటకమంటోంది. ప్రాణం ఉన్నదాన్ని ఎలా పారేస్తాం? పైకి తెచ్చి పిన్ని ఇంట్లో పత్తి కుప్ప ఉంటే అందులో పాతిపెట్టాను. కోటేళ్ళ చలి దానిది, మన పత్తి వేడికి ఒక్క పూటకే చిట్లింది. బయటికొచ్చింది బల్లి. మేకపిల్లంత. నన్ను చూసింది, నా పంచె కొస నోట పట్టుకుంది, ఇక వదలదే.”

“ఇంత జరిగితే నేను ఈ ఊళ్ళోనే ఉన్నాను గదరా, నాకు కనబళ్ళేదే” అన్నాడు చలమయ్య.

“నువ్వు అమరేశ్వరుడి దర్శనానికని అమరావతి వెళ్ళలా?”

“పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేశాను.”

“ఆ రోజే.”

బల్లల మీద నవ్వులు పుట్టాయి. జయరావు కూడా నవ్వాడు, నవ్వుతూ మూట ముడి మీద వేళ్ళు పెట్టాడు. అంకారావు ఆ వేళ్ళని చూశాడు. ఇంకొక్క తోపు తోస్తే తాంబూలం పడుతుందనిపించింది. రోడ్డుకి వీపు పెట్టి, అందరూ కనబడేలా బల్ల చివరికి జరిగి కూర్చున్నాడు.

“మధ్యాహ్నానికి గేదంత. పత్తికట్టె మోపులు మోపులుగా మేసేది, నమలడం లేదు. మూడు ఝాములకి తాటిచెట్టంత. ఇంత ఒళ్ళు పెంచి ఊరికే కూచోపెడతామా? మెడకి కాడి వేద్దామంటే కాడి ఆనలేదు. పగ్గాలు తెగిపోతున్నాయి. చీరాల కబురు చేస్తే నేతవాళ్ళు మగ్గాలన్నీ ఆపి దానికి పగ్గం నేశారు, జరీ అంచుతో. ఒంగోలు గిత్తలు ఆరు జతలు కలిసి కదపలేని బండని ఇది తోకతో అలా పక్కకి జరిపింది. గిత్తలు తలలు దించుకుని ఎవరి కొట్టంలోకి అవి వెళ్ళిపోయాయి. అప్పుడు తీసుకెళ్ళి మోటకి కట్టాను.”

“ఆఁ, నీళ్ళు” అన్నాడు జయరావు.

“నీళ్ళంటే నీళ్ళా అవి. అది ఒక్క అడుగు వేస్తే మోట పైకి రావడం కాదు, బావే పైకి వచ్చేట్టుంది. పిన్ని చేను తడిసి, పక్క చేను తడిసి, డొంక నిండింది. పొద్దు వాలకముందు నాటిన మిరపనారు పొద్దు వాలేసరికి పూత, దీపాల వేళకి కాయ. ఎటు చూసినా ఎరుపే. పిన్ని చేలో కాసిన కాయలు కల్లంలో ఆరబోస్తే గుంటూరు నుంచి వ్యాపారస్తులు ఆ ఎరుపు చూసి ఊరు తగలబడుతోందనుకుని బిందెలతో పరిగెత్తుకొచ్చారు.”

ఇక్కడ నవ్వు రావాలి. రాలేదు. చలమయ్య గ్లాసు నోటి దాకా తెచ్చి ఆపేశాడు. బాషా చేతిలో గరిటె ఆగిపోయింది. అందరూ అంకారావు భుజం మీదుగా ఎటో చూస్తున్నారు. జనం నోరు తెరుచుకుని ఉండిపోయారంటే కథ పట్టుకుందని అంకారావుకి అనుభవం. అతనికి ఒళ్ళు పులకరించింది.

బాషా దగ్గాడు. “అంకారావన్నా, ఇక చాల్లే.”

“చాలడమేమిటి, అసలు సంగతి ఇప్పుడేగా. ఆ మిరపకాయలు చూసి బల్లి కల్లంలో తల పెట్టింది. ఒరేయ్ వద్దురా, మీ కాలంలో మిరపకాయ లేదురా, అలవాటు లేని తిండిరా అని మొత్తుకున్నాను. వింటేనా. ఒక్క పట్టు పట్టింది. ఆ మంటకి అది వేసిన కేక ఒంగోలు కలెక్టరాఫీసులో...” ఒంగోలు ఇంకా జిల్లా కాలేదని, అక్కడ కలెక్టరు లేడని గుర్తొచ్చి సర్దుకున్నాడు. “తాలూకాఫీసులో ఫైళ్ళు ఎగిరి పడ్డాయి. పరుగో పరుగు. కొత్తపట్నం వెళ్ళి సముద్రంలో మూతి పెట్టి పీలిస్తే అలలు వెనక్కిపోయి, బెస్తవాళ్ళు పొడి ఇసకలో నడిచి చేపలు ఏరుకున్నారు. అలా తాగి తాగి అక్కడే ఒరిగిపోయింది పాపం. తర్వాత ఆఫీసరుగారు వచ్చి, అంకారావుగారూ, ఈ రాక్షసి బల్లులన్నీ ఎలా అంతరించాయో ప్రపంచంలో ఎవరికీ అంతుపట్టడం లేదండీ అన్నారు. నేను అన్నాను, ఏముందండీ, పిన్ని చేలో మిరపకాయ తిన్నాయి.”

“ఏ చేలోరా?” అన్న మాట వెనక నుంచి వచ్చింది.

అంకారావు తిరిగి చూశాడు. పేరమ్మ చంకలో ఖాళీ ఇత్తడి బిందె పెట్టుకుని నిలబడి ఉంది. తెల్ల చీర కుచ్చెళ్ళు మోకాళ్ళ దాకా దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. ఊరవతల కుంట నుంచి నీళ్ళు మోసి నారుమడి తడుపుతోంది ఆవిడ, వానల్లేక ఆ కుంట కూడా నిన్నటితో అడుగంటింది.

“నా చేలో మిరపకాయ కాసి రెండేళ్ళయింది. నువ్వు బల్లికి పెట్టినవి ఎక్కడివి నాయనా?”

అంకారావు బల్ల మీద పక్కకి జరిగి పిన్నికి చోటు చేశాడు.

“ఆ బల్లి తోడిన నీళ్ళలో ఒక్క బిందె నాకు మిగల్చకపోయావా? నారు ముదిరిపోతోంది. ఈ వారం నాటకపోతే పీకి గేదెకి వెయ్యడమే.” పేరమ్మ జయరావు వైపు తిరిగింది. ఆవిడ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. “అయ్యా, మీరెవరో నాకు తెలీదు. వీడు పని దొంగ కాదు, చీకటితో దిగుతాడు, చీకటి పడ్డాక ఎక్కుతాడు. కానీ ఆ జీపు వచ్చిపోయిన కాణ్ణించి వీడికి ఆకుల పిచ్చి పట్టింది. నిలువుగా దిగాల్సినవాడు ఆకు బొమ్మ ఎటు కనబడితే అటు అడ్డంగా తవ్వుకుంటూ పోయాడు. మొన్న దీపం పట్టుకుని దిగి చూశాను. నా చేలో తవ్వినవాడు ఇప్పుడు పక్కవాడి కంది చేను కింద ఉన్నాడు. అది బావి కాదు, నక్క బొరియ.”

అంకారావు తల దించుకున్నాడు. ఇంకొక్క మంచి ఆకు దొరికితే ఆ జీపు మళ్ళీ ఆగుతుందని, పైనుంచి ఆ మొహం మళ్ళీ వంగి చూస్తుందని అనుకుంటూ వేసవంతా గడిపేశాడు. పిన్ని నారుమడి సంగతి ఒక్కసారి కూడా తలుచుకోలేదు.

జయరావు మూట ముడి మళ్ళీ గట్టిగా బిగించి కొంగు భుజాన వేసుకున్నాడు. “మేస్త్రీ, కథ బాగుంది. అమ్మగారి బావిలో నీళ్ళు పడ్డ రోజు కబురు చెయ్యండి. తాంబూలం అప్పుడు తెస్తాను.”

పేరమ్మ ఖాళీ బిందె తెచ్చి అంకారావు కాళ్ళ దగ్గర పెట్టింది. “ఇది నింపు. నింపాక ఎన్ని బల్లులయినా చెప్పు, నేనే పీట వేసుకుని కూచుని వింటాను.”

అంకారావు లేచాడు. గోడకి ఆనించిన పలుగు భుజాన వేసుకుని, రెండో చేత్తో బిందె అందుకుని చేను వైపు నడిచాడు. అందరూ చూస్తుండగా రోడ్డు దాటాడు.

చలమయ్య టీ అప్పటికి చల్లారిపోయింది. అయినా ఒక గుక్క తాగి, వెనక నుంచి కేకేశాడు.

“ఒరేయ్ అంకారావూ, కిందికిరా. పక్కకి కాదు.”