నివెస్ గారు తిరగరాసిన తీర్పు

1984 మార్చి పన్నెండవ తేదీన ఇటలీలోని మెల్లా లోయలో ఉన్న మన ఆయుధశాలలో, గొట్టాల కొలత విభాగంలో చేరిన శ్రీమతి నివెస్ బొనోమెల్లి గారు నేడు పరీక్షా విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్న ఈ శుభవేళ, ఆమె చేతిలో నెగ్గిన తుపాకుల కంటే తిరస్కరణకు గురై రంపం పాలైనవే ఎక్కువని ఎరిగిన సహోద్యోగులందరూ కొంత భయంతోనూ, అపారమైన గర్వంతోనూ ఆమెను అభినందిస్తున్నారు.

తొలినాళ్ళ నుంచీ ఆమె పనితనపు పట్టింపు లోయంతటా ప్రసిద్ధం. తూటా వెనుక గొట్టాన్ని మూసే బోల్టు తల మీది పళ్ళు దానికి సమంగా ఆనకపోతే, పైన ఎంతటి నగిషీ చెక్కినా ఆమె దృష్టిలో ఆ తుపాకీ ఉత్త ఇనుప కడ్డీయే. 1998లో పరీక్షా విభాగం ఆమె చేతికి వచ్చినప్పుడు నగిషీ పనివారు వారం రోజులు సరిగా భోంచేయలేదని చెప్పుకుంటారు.

2003లో రూపకర్త అత్తీలియో ఫ్రాస్సినే గారు ప్రతి కాల్పు తర్వాత మరో తూటాను తానే ఎక్కించుకునే కొత్త అర్ధస్వయంచాలిత రైఫిల్‌ను సిద్ధం చేశారు. మన పాత రకం, తూటా పేలినప్పుడు పుట్టే వాయువుతో బోల్టును నడిపిస్తుంది. కొత్తది, తుపాకీ వెనక్కి తన్నే ఊపుతోనే నడుస్తుంది. రెండింటినీ ఇనుప చట్రంలో బిగించి కాల్చగా పాతది నిరాటంకంగా సాగింది, కొత్తది ప్రతిసారీ మొరాయించింది. నివెస్ గారు కొత్తదాన్ని తిరస్కరిస్తూ సంతకం చేశారు. సంవత్సరాంతానికి అత్తీలియో గారి విభాగాన్నే మూసివేయాలని యాజమాన్యం నిశ్చయించింది.

తిరస్కరించినవారే ఆ తుపాకీని భుజానికి ఆనించుకుని, ఆయుధ పనివారిని కాచే పునీతురాలు సాంత బార్బరా పండుగనాడు చివరిసారి కాల్చి రంపానికి అప్పగించడం మన శాల ఆచారం. ఆనాడు అత్తీలియో గారు తూటాలు పట్టుకుని నిలబడ్డారు.

"ఉరి వేసింది నువ్వే, సాగనంపేదీ నువ్వేనా నివెస్?"

"నోరు మూసుకుని తూటాలివ్వు."

తుపాకీ ఒక్కసారి కూడా ఆగలేదు. ఆమె మళ్ళీ నింపి కాల్చారు, మళ్ళీ ఆగలేదు. లోపలికి వెళ్ళి చట్రంలో బిగిస్తే మొరాయించింది, బిగింపు వదులు చేస్తే పరుగెత్తింది. భుజం కాస్త వెనక్కి తగ్గితేనే ఆ తుపాకీకి ఊపు. కదలనివ్వని చట్రంలో ఆ ఊపే లేదు. ఆమె అప్పుడే నేరుగా డైరెక్టర్ గెల్ఫి గారి గదికి నడిచారు.

"ఆ చట్రాన్ని నమ్మే ఇన్నేళ్ళు అమ్ముకున్నాం, సిన్యోరా. ఇప్పుడు మీరే కాదంటే మీ మాటకు విలువేముంటుంది?"

"ఉండకపోతే పోనివ్వండి. చట్రం తప్పేం లేదు, తప్పు నాది. కాళ్ళు కట్టేసి పరిగెత్తమన్నాను."

గెల్ఫి గారు ఒప్పుకోగా, పరీక్షలన్నీ భుజాల మీద, మంచులోనూ బురదలోనూ తిరిగి జరిగాయి. మరుసటి ఏడు అడవిపంది వేట మొదలయ్యేసరికి ఆ తుపాకీ వచ్చింది వచ్చినట్టే అమ్ముడైపోయి దుకాణాల్లో దొరకని సరుకైంది. అయినా తులనాత్మక నివేదికలో ఆమె ఉన్నదున్నట్టే రాశారు: పాతది భుజానికి మెత్తన, మసి ఎక్కువ, కొత్తది శుభ్రం, తన్ను ఎక్కువ. విజయోత్సవపు విందులో పొలెంటా అనే మొక్కజొన్న పిండి ముద్ద వడ్డించుకుంటూ అత్తీలియో గారు గొణిగారు.

"గెలిపించి కూడా వంకలు పెట్టావే!"

"ఉన్నాయి కనుక పెట్టాను. తిను, చల్లారిపోతోంది."

తన సంతకాన్ని తానే కొట్టివేయడానికి ఆనాడు ఆమె జంకి ఉంటే అత్తీలియో గారి విభాగమే నేడు ఉండేది కాదు. అప్పుడు ఉద్యోగం నిలిచినవారి బిడ్డలు కొందరు ఇవాళ అక్కడే పనిచేస్తున్నారు, మన శాల పత్రిక ఈ సంచికను తమ తల్లిదండ్రులకు చదివి వినిపించబోతున్నారు. ఆ ఇళ్ళన్నింటి తరఫున నివెస్ గారికి నిండు ఆరోగ్యం, నూరేళ్ళ ఆయుష్షు కలగాలని కోరుతున్నాం. ఈ ఒక్క కోరికను మాత్రం ఏ పరీక్షా పెట్టకుండా ఆమె స్వీకరించాలని మనవి.