నీలూఫర్ చెల్లెలి కట్లు

కెనడాలోని విండ్సర్‌లో ఒక ఆదివారం ఉదయం. బేస్‌మెంట్‌లో ఇరానీ రూమ్మేట్ నీలూఫర్‌తో కలిసి అద్దెకుంటున్న తెలుగమ్మాయి, గబగబా మెట్లెక్కి ఇంటావిడ వంటింట్లోకి వచ్చింది. ఇంటావిడ రిటైరైన డాక్టరు.

“ఆంటీ, మనం పంపిన కట్ల సూట్‌కేస్ టెహ్రాన్ చేరింది! టొరంటో నుంచి వెళ్ళినాయన స్వయంగా నీలూఫర్ వాళ్ళింటికెళ్ళి ఇచ్చారట.”

“హమ్మయ్య. ఎయిర్‌పోర్ట్‌లో ఏం తీసేయలేదు కదా?”

“మీరు రాసిచ్చిన లెటర్ చూసి వదిలేశారట. ఇక్కడ కొరియర్ వాళ్ళు మాత్రం అడ్రస్ చూడగానే పార్సిల్ తీసుకోబోమన్నారు. ఇరాన్ మీద పెట్టిన ఆంక్షలు మందులకి లేవుగా ఆంటీ?”

“కాగితం మీద లేవు తల్లీ. కానీ ఆ దేశం పేరు వింటేనే కంపెనీకీ భయం, బ్యాంకుకీ భయం. మనకెందుకొచ్చిన గొడవని అందరూ తప్పుకుంటారు. నీలూఫర్ చెల్లెలు తొమ్మిదేళ్ళ పిల్ల, పుట్టుకతోనే తాకితే పొక్కే చర్మం. దానికివన్నీ ఏం తెలుసు? కట్లు మార్చారా మరి?”

“మార్చారు. వీడియో కాల్‌లో చూశాం. తర్వాత వాళ్ళమ్మ పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారు. ఎనిమిది నెలల్లో ఇదే మొదటిసారట.”

“ఎనిమిది నెలలా?”

“ఆ మెత్తటి కట్లు అక్కడ దొరకట్లేదు, అవి లేకుండా ఎత్తుకుంటే చర్మం ఊడొస్తుందట ఆంటీ. అందుకే ఇన్నాళ్ళూ ఎత్తుకోలేదు.”

“ఇవెన్నాళ్ళు వస్తాయి?”

“మూడు నెలలు.”

“ఈలోగా అటు వెళ్ళేవాళ్ళని ఇంకొకర్ని వెతుకుదాం. నీలూఫర్‌ని పైకి రమ్మను.”

“రాదాంటీ. ఒకటే ఏడుపు. ఈ మొహంతో మీ ముందుకి రాలేనంటోంది.”

“స్టవ్ కట్టేసి ఇలా రా. నా చెయ్యి పట్టుకో, నేనే దిగుతా.”