చాయ్‌లో జ్వరం

సిద్దిపేటలో ఒక దవాఖాన, ఆడవాళ్ల వార్డు. జ్వరమని చేరిన ముస్లిం పెద్దావిడ మంచం పక్కన డాక్టరమ్మ నిలబడి థర్మామీటరు చూసింది.

"నూటనాలుగున్నది. గని నీ నొసలు సల్లగున్నది, ఖాలా. థర్మామీటరుకు చీమలు పట్టినయి."

"చీమలా?"

"చాయ్‌ల ముంచితే పట్టవా? చక్కెర ఎక్కువేసుకుంటవేమో."

"నర్సమ్మకు చెప్పకు, బిడ్డా."

"చెప్ప. గని జ్వరం తగ్గుతలేదని రేపు నీ వెన్నుల సూది గుచ్చి నీళ్లు తీద్దామనుకున్నం."

"తీస్తే తీయుండ్రి. ఇంటికి మాత్రం పంపకుండ్రి."

"ఇంట్ల కొడుతున్రా?"

"లేదు, మంచోళ్లే. నా బిడ్డ షీబా పోయి చాలీస్మా అయింది. నలభై దినాలైనంక ఏడిస్తే పోయిన పిల్లకు మంచిది కాదంటరు. తలగడల మూతి పెట్టి ఏడ్చినా మా అత్త లేపి కూసోబెడ్తది. గీడ జ్వరమొచ్చినోళ్లు ఏడిస్తే ఎవ్వలేమనరు."

"సూదులన్నీ బంద్ చేస్తున్న. రేపు ఇంటికి పో. ప్రతి మంగళవారం నా దగ్గరికి రా."

"జ్వరం లేకుంటే ఏమని చెప్పి రావాలె?"

"డాక్టర్ రమ్మన్నదని చెప్పు. వచ్చినంక తలుపేసుకుందాం. షీబా సంగతులు చెబుదువు."

"గిప్పుడు కొంచెం చెప్పనా?"

డాక్టరమ్మ స్టూలు దగ్గరికి లాక్కుంది.